30 సెకన్లకు మూగబోయిన వైఫై: ఒక బోర్డు బ్రింగ్-అప్ కేస్ స్టడీ

బోర్డు బ్రింగ్-అప్ అంటే కొత్త బోర్డునూ దాని సాఫ్ట్‌వేర్‌నూ కలిపి సరిగ్గా నడిచేలా చేసే పని. ఈ కేసులోని బోర్డు ఒక చిన్న పారిశ్రామిక గేట్‌వే (యంత్రాలను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె). లైనక్స్ నడిపే ప్రాసెసర్, దాని పక్కనే వైఫై, బ్లూటూత్ రెండూ ఇమిడి ఉన్న ఒకే మాడ్యూల్. వైఫై భాగం ఎస్‌డీఐఓ బస్సు (మెమరీ కార్డుల తరహా డేటా దారి) మీద, బ్లూటూత్ భాగం యూఆర్ట్ (సీరియల్ లైన్) మీద ప్రాసెసర్‌తో మాట్లాడతాయి. మాడ్యూల్‌కు 3.3 వోల్టుల ప్రధాన సరఫరా ఒక లోడ్ స్విచ్ (కరెంటును ఆర్పి వెలిగించే చిన్న చిప్) గుండా వస్తుంది. ఆ స్విచ్‌ను ఒక జీపీఐఓ, అంటే సాఫ్ట్‌వేర్ పైకీ కిందికీ మార్చగల ప్రాసెసర్ పిన్ను, నడుపుతుంది. ఐఓ లైన్లకు కావలసిన 1.8 వోల్టులనూ, చిప్ నిద్రలో ఉన్నప్పుడు కాలం లెక్కపెట్టుకోవడానికి వాడే 32.768 కిలోహెర్ట్జ్ క్లాక్‌నూ పీఎంఐసీ (బోర్డు కరెంటు సరఫరాలను నడిపే చిప్) ఇస్తుంది. ఇవి కాక వైఫైకి ఒకటి, బ్లూటూత్‌కు ఒకటి 'రెగ్-ఆన్' పిన్నులు ఉన్నాయి. చిప్ లోపలి రెగ్యులేటర్లను (వోల్టేజీని స్థిరంగా ఇచ్చే భాగాలను) నిజంగా లేపేవీ పడుకోబెట్టేవీ ఆ పిన్నులే. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

కొత్త కెర్నల్‌కు (లైనక్స్ మూల భాగానికి) మారిన తర్వాత ఫిర్యాదు వచ్చింది. బోర్డు మామూలుగానే లేస్తోంది. వైఫై రౌటర్‌కు కలుస్తోంది, ఐపీ చిరునామా తెచ్చుకుంటోంది, పింగ్ వెళ్తోంది. అర నిమిషం దాటగానే మూగబోతోంది. లాగ్‌లో ఎస్‌డీఐఓ మీద చదవబోయిన ప్రతిసారీ మైనస్ 110, అంటే టైమ్‌అవుట్. మాడ్యూల్‌ను మళ్లీ లేపుదామని డ్రైవర్‌ను తీసి తిరిగి ఎక్కించినా ఉలుకూ పలుకూ లేదు. బోర్డును రీబూట్ చేస్తే మళ్లీ అర నిమిషం బతుకుతుంది.

మొదట అందరి వేళ్లూ ఫర్మ్‌వేర్ వైపు చూపించాయి. వైర్‌లెస్ పనిలో ఇది అలవాటుగా మారిన జబ్బు. చిప్ లోపలి ఫర్మ్‌వేర్ మనకు కనిపించదు కాబట్టి ప్రతి నేరాన్నీ దాని ఖాతాలో రాసేయడం సులువు. కానీ యాదృచ్ఛికంగా కూలే ఫర్మ్‌వేర్ గడియారం చూసుకుని కూలదు. ఈ మరణం ప్రతిసారీ ఒకే చోట జరుగుతోంది. కెర్నల్ లాగ్‌లో వైఫై డ్రైవర్ వరుసలను మాత్రమే వడకట్టి చూస్తున్నంత సేపూ ఏమీ తెలియలేదు. వడపోత తీసేసి మొత్తం చదివితే, మొదటి టైమ్‌అవుట్‌కు సరిగ్గా ముందు, 3.3 వోల్టుల స్విచ్ పేరుతో ఒక పొట్టి వరుస కనిపించింది: 'డిసేబ్లింగ్'.

లైనక్స్ రెగ్యులేటర్ వ్యవస్థకు ఒక శుభ్రతా నియమం ఉంది. కెర్నల్ ఆరంభ దశ ముగిసిన 30 సెకన్లకు అది ఒకసారి ఇల్లు ఊడుస్తుంది. వెలుగుతూ ఉండి, ఏ డ్రైవరూ 'ఇది నాది' అని అడగని రెగ్యులేటర్లు కనిపిస్తే ఆర్పేస్తుంది. పాత కెర్నల్‌లో మా లోడ్ స్విచ్ గురించి డివైస్ ట్రీలో (బోర్డులో ఏమేమి ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైలులో) ఒక్క అక్షరం లేదు. బూట్‌లోడర్ (కెర్నల్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) దాన్ని వెలిగిన స్థితిలోనే వదిలేసేది, కెర్నల్‌కు అది ఉందనే తెలియదు, కాబట్టి ముట్టుకునేది కాదు. కొత్త విడుదలలో ఎవరో శ్రద్ధగా ఆ స్విచ్‌ను రెగ్యులేటర్‌గా రాశారు, 'రెగ్యులేటర్-బూట్-ఆన్' అని కూడా పెట్టారు. కానీ దాన్ని వైఫై ఉన్న ఎంఎంసీ నోడ్‌కు (ఎస్‌డీఐఓ బస్సును నడిపే హోస్ట్ వివరాలుండే భాగానికి) 'వీఎంఎంసీ-సప్లై'గా ముడివేయలేదు. బూట్-ఆన్ అంటే బూట్ సమయానికి వెలిగి ఉంటుందని చెప్పడమే, వెలిగించి ఉంచమని హామీ కాదు. వాడకందారు లేని స్విచ్ 30 సెకన్లకు ఆరిపోయింది. సగం రాసిన డివైస్ ట్రీ అసలు రాయని దానికంటే ప్రమాదం.

వెంటనే ఒక సలహా వచ్చింది: 'రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్' అని ఒక్క వరుస చేర్చండి, విడుదల ఆగదు. దాన్ని అప్పటికి ఒప్పుకోలేదు. కారణం ఒక్కటే. ఆ దశలో రెగ్-ఆన్ పిన్ను కూడా కెర్నల్ చేతిలో లేదు, దాన్నీ బూట్‌లోడరే పైకి లేపి వదిలేస్తోంది. స్విచ్‌ను శాశ్వతంగా వెలిగించేస్తే, రేపు ఫర్మ్‌వేర్ నిజంగానే కూలిన రోజున చిప్‌ను ఆర్పి వెలిగించడానికి కెర్నల్‌కు ఏ తాడూ మిగలదు. డ్రైవర్‌ను ఎన్నిసార్లు తీసి పెట్టినా అదే మొండి చిప్ ఎదురవుతుంది. మారుమూల పెట్టెలో బిగించిన గేట్‌వేకు అది పనికిరాదు.

క్రమాన్ని కెర్నల్‌కు అప్పగించడం

ఎస్‌డీఐఓ వైఫైలో ఒక చిక్కుముడి ఉంది. యూఎస్‌బీ, పీసీఐ, ఎస్‌డీఐఓ వంటి బస్సుల మీద పరికరం తనంతట తాను పలికితేనే దాని డ్రైవర్ ఎక్కుతుంది. పరికరం పలకాలంటే ముందు దానికి కరెంటు, రీసెట్, క్లాక్ అందాలి. అవి అందించే జ్ఞానం డ్రైవర్‌లో ఉంటే, డ్రైవర్ ఎక్కడానికి పరికరం కావాలి, పరికరం లేవడానికి డ్రైవర్ కావాలి. లైనక్స్‌లో ఈ ముడి విప్పడానికే 'ఎంఎంసీ-పవర్‌సీక్-సింపుల్' అనే చిన్న నోడ్ ఉంది. రీసెట్ పిన్నులు, బయటి క్లాక్, వేచి ఉండే సమయం అందులో రాస్తే, ఎంఎంసీ కోర్ (ఆ బస్సును చూసుకునే కెర్నల్ భాగం) కార్డును వెతకబోయే ముందు వాటిని తానే వరుసలో నడుపుతుంది. ముందు క్లాక్ వెలిగించి రీసెట్‌ను నొక్కి పట్టుకుంటుంది. తర్వాత సరఫరా ఇస్తుంది. తర్వాత రీసెట్ వదిలి, చెప్పినంత సేపు ఆగుతుంది. ఆ తర్వాతే బస్సు మీద మొదటి కమాండ్.

పోలారిటీ (పిన్ను ఏ స్థాయిలో పని చేస్తుందన్న సంగతి) దగ్గర చాలామంది తడబడతారు. మన స్కీమాటిక్‌లో రెగ్-ఆన్ ఒక 'ఎనేబుల్' పిన్ను, పైకి లేపితే చిప్ లేస్తుంది. పవర్‌సీక్ దృష్టిలో అది 'రీసెట్', కిందికి దించితే రీసెట్‌లో ఉన్నట్టు. కాబట్టి అక్కడ 'యాక్టివ్ లో' అని రాయాలి. ఎనేబుల్ పిన్ను కదా అని 'యాక్టివ్ హై' రాస్తే, కెర్నల్ సరఫరా ఇచ్చిన మరుక్షణం చిప్‌ను ఆర్పేసి, ఆరిపోయిన చిప్‌ను ఓపికగా పలకరిస్తూ కూర్చుంటుంది.

వేచి ఉండే సమయం సంగతి డేటాషీట్ స్పష్టంగానే చెప్పింది. ఈ చిప్‌లో లోపలి పవర్-ఆన్ రీసెట్ గరిష్ఠంగా 110 మిల్లీసెకన్లు పట్టి ఉంచుతుంది, లోపలి సరఫరాలు నిలబడ్డాక 150 మిల్లీసెకన్ల వరకు ఎస్‌డీఐఓ మీద పలకరించకూడదు. ఆ లోపలి సరఫరాలు పుట్టేది రెగ్-ఆన్ లేచాకే కాబట్టి లెక్క అక్కడి నుంచి మొదలు. పవర్‌సీక్‌లో ఏమీ రాయకపోతే ఎంఎంసీ కోర్ తన వంతుగా ఆగేది సుమారు 10 మిల్లీసెకన్లే. చాలా చిప్‌లు గరిష్ఠం కంటే ముందే లేచిపోతాయి గనక బల్ల మీద ఉన్న బోర్డు 10 మిల్లీసెకన్లకే పలికి మనల్ని మభ్యపెడుతుంది.

ఇక్కడ ఒక భ్రమ కూడా తీర్చాలి. 'ఎంఎంసీ కోర్ 400, 300, 200, 100 కిలోహెర్ట్జ్‌లలో నాలుగుసార్లు ప్రయత్నిస్తుంది కదా, మొదటిసారి పలకకపోతే రెండోసారి పలుకుతుంది' అనే వాదన తరచూ వినిపిస్తుంది. ప్రతి విఫల ప్రయత్నం చివర కోర్ సరఫరా ఆర్పి, తర్వాతి దానికి మళ్లీ వెలిగిస్తుంది. అంటే చిప్ లేవబోతున్న ప్రతిసారీ మళ్లీ మొదటికి పంపుతున్నాం. పైగా తీయడానికి వీల్లేని కార్డు అని 'నాన్-రిమూవబుల్' రాసిన హోస్ట్‌ను కోర్ బూట్‌లో ఒక్కసారే వెతుకుతుంది. ఆ ఒక్కసారి దొరకలేదంటే, హోస్ట్‌ను అన్‌బైండ్ చేసి (డ్రైవర్ నుంచి విడదీసి) తిరిగి కట్టేదాకా వైఫై లేనట్టే.

కాబట్టి రెగ్-ఆన్‌ను పవర్‌సీక్‌కు ఇచ్చి, 150 మిల్లీసెకన్లు రాసి, లోడ్ స్విచ్‌ను వీఎంఎంసీ-సప్లైగా ముడివేశాం. ఇక కెర్నలే వెలిగిస్తుంది కదా అని బూట్-ఆన్ తీసేశాం. 30 సెకన్ల జబ్బు పోయింది.

బిజీగా ఉంటే బతుకుతుంది, ఖాళీగా ఉంటే చస్తుంది

తర్వాతి జబ్బు దీని కంటే చిత్రం. రాత్రంతా గరిష్ఠ వేగంతో డేటా పంపే పరీక్ష సాఫీగా సాగింది. పరీక్ష ఆపి బోర్డును అలా వదిలేస్తే కాసేపటికి వైఫై పోయేది. పరీక్షలు చేసేవాళ్లు ఎప్పుడూ బరువు మోయించే చూస్తారు గాని ఖాళీగా కూర్చోబెట్టి చూడరు. అందుకే ఇలాంటివి ప్రయోగశాల దాటి బయటకు వెళ్లిపోతుంటాయి.

ఖాళీగా ఉన్నప్పుడు చిప్ తన ప్రధాన క్రిస్టల్‌ను ఆర్పి, 32.768 కిలోహెర్ట్జ్ నెమ్మది క్లాక్ మీద నిద్రపోతుంది. రౌటర్ పంపే బీకన్ల (తానున్నానని చెప్పే సంకేతాల) వేళకు దాన్ని లెక్కపెట్టుకుంటూ లేస్తుంది. ఆ క్లాక్ పిన్ను మీద ఆసిలోస్కోప్ (వోల్టేజీ తరంగాలను చూపే పరికరం) పెడితే, బూట్‌లోడర్ దశలో చక్కటి చతురస్ర తరంగం ఉంది, కెర్నల్ ఆరంభం చివర అది గీత గీసినట్టు ఆగిపోయింది. రెగ్యులేటర్ల కథే క్లాక్‌లదీ. ఎవరూ అడగని క్లాక్‌లను కెర్నల్ ఆరంభ దశ చివర ఆర్పేస్తుంది. ఇక్కడ 30 సెకన్ల గడువు కూడా లేదు.

'క్లాక్-ఇగ్నోర్-అన్‌యూజ్డ్' అని కెర్నల్ కమాండ్ లైన్‌లో చేర్చి చూస్తే జబ్బు మాయమైంది, అనుమానం ఖరారైంది. ఆ ఐచ్ఛికం రోగనిర్ధారణకు గొప్ప సాధనం, వైద్యానికి కాదు. బోర్డులోని అనవసరపు క్లాక్‌లన్నీ దాని చలవతో వెలుగుతూనే ఉంటాయి. అసలు పరిష్కారం పవర్‌సీక్ నోడ్‌లోనే ఉంది: పీఎంఐసీ క్లాక్‌ను 'ext_clock' పేరుతో అక్కడ రాయడం. ఆ ఒక్క వరుసతో క్లాక్‌కు యజమాని దొరికాడు.

అప్పుడప్పుడు దొరకని కార్డు

ఇక మిగిలింది అన్నిటికంటే మొండిది. రీబూట్‌ల వరుస పరీక్షలో అప్పుడప్పుడు కార్డు అసలు కనబడేది కాదు. నాలుగు వేగాల్లోనూ వెతికి కోర్ చేతులెత్తేసేది. 150 మిల్లీసెకన్లను రెట్టింపు చేసినా తేడా రాలేదు. ఆలస్యం పెంచితే తేడా రాలేదంటే ఆ జబ్బు సమయానిది కాదు, వోల్టేజీదో క్రమానిదో అని నా అనుభవం. సంఖ్యలు పెంచుకుంటూ పోవడం అక్కడితో ఆపాలి.

ఆసిలోస్కోప్ నాలుగు చానళ్లనూ ఇలా కట్టాం: 3.3 వోల్టుల సరఫరా, 1.8 వోల్టుల సరఫరా, రెగ్-ఆన్, ఎస్‌డీఐఓ కమాండ్ లైన్. మంచి బూట్‌నూ చెడ్డ బూట్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్క చానల్లోనే ఉంది. మంచి బూట్‌లో 3.3 వోల్టుల గీత కాస్త కుంగి వెంటనే పైకి లేచింది. చెడ్డ బూట్‌లో అది జారుతూ జారుతూ సుమారు 1.2 వోల్టుల దగ్గర ఆగి, బల్లపరుపుగా కాసేపు నిలబడి, తర్వాత పైకి లేచింది. సున్నాకు మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు.

ఆ కుంగుబాటు మేము బూట్-ఆన్ తీసేసినందువల్ల వచ్చింది. ఆ గుర్తు లేని స్థిర రెగ్యులేటర్‌ను దాని డ్రైవర్ ఎక్కగానే ఆర్పివేస్తుంది. ఎంఎంసీ హోస్ట్ ఎక్కి అడిగినప్పుడు తిరిగి వెలిగిస్తుంది. ఈ రెండు ఘటనల మధ్య విరామం ఎంత అనేది డ్రైవర్లు ఎక్కే వరుసను బట్టి ఉంటుంది. పీఎంఐసీ క్లాక్ ఇంకా సిద్ధం కాలేదనుకోండి, హోస్ట్ మైనస్ 517తో, అంటే 'తర్వాత రా' అన్న జవాబుతో, వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది. ఆ వరుస బూట్ బూట్‌కూ కొంచెం మారుతుంది. విరామం పొట్టిగా ఉంటే కెపాసిటర్లలోని ఛార్జి కాపాడుతుంది. పొడుగైతే సరఫరా కూలుతుంది. 'అప్పుడప్పుడు' అనే మాట వెనక దాక్కున్నది ఇదే.

మరి 1.2 దగ్గరే ఎందుకు ఆగింది? 3.3 ఆరినా 1.8 వెలుగుతూనే ఉంది. ఐఓ సరఫరా నుంచి, ఎస్‌డీఐఓ లైన్ల పుల్-అప్ రెసిస్టర్ల (లైన్‌ను పైకి లాగి ఉంచేవాటి) నుంచి కరెంటు చిప్ లోపలి రక్షణ డయోడ్ల గుండా వెనక్కి పాకి ప్రధాన సరఫరా లైన్‌లోకి చేరుతోంది. 1.8లో ఒక డయోడ్ కోత 0.6 తీసేస్తే మిగిలేది 1.2. మేము వాడిన లోడ్ స్విచ్‌కు ఆరినప్పుడు అవుట్‌పుట్‌ను నేలకు లాగే ఏర్పాటు లేదు, అందువల్ల అది అక్కడే వేలాడింది.

ఇంత జరిగాక డేటాషీట్‌లో ఎప్పుడో చదివి దాటేసే వాక్యం కొత్తగా కనిపిస్తుంది: ఐఓ సరఫరా ప్రధాన సరఫరా కంటే ముందు ఉండకూడదు, ప్రధాన సరఫరా లేనప్పుడు దాన్ని పైకి పట్టి ఉంచకూడదు. పూర్తిగా ఆరి ఉన్న బోర్డుకు కరెంటు ఇచ్చినప్పుడు మా హార్డ్‌వేర్ ఆ క్రమాన్ని పాటిస్తోంది, స్విచ్ ఎనేబుల్‌కు ఉన్న పుల్-అప్ వల్ల 3.3 ముందు లేస్తుంది, 1.8 తర్వాత. కెర్నల్ వచ్చి 3.3ను మాత్రమే ఆర్పి వెలిగించినప్పుడు ఆ క్రమం తలకిందులవుతోంది.

ఈ బోర్డులో 1.8ను మాడ్యూల్‌కు మాత్రమే విడిగా ఆర్పే వీలు లేదు, అదే సరఫరా లైన్ మీద ఇంకా చాలా ఉన్నాయి. కాబట్టి ఒక్కటే దారి: 3.3ను అసలు ఆర్పకూడదు. ఆర్పడం, లేపడం రెగ్-ఆన్‌తోనే జరగాలి, చిప్ తయారీదారు ఆ పిన్ను పెట్టిందే అందుకు. అలా మొదట్లో కాదన్న 'రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్' వరుసే చివరికి డివైస్ ట్రీలోకి వచ్చింది. అక్షరాలు అవే, పరిస్థితి వేరు. అప్పుడు రీసెట్ తాడు లేకుండా దాన్ని వేయడమంటే చిప్‌ను చేయి జార్చుకోవడమే. ఇప్పుడు రెగ్-ఆన్ పవర్‌సీక్ చేతిలో ఉంది. ఆ వరుస పైన నాలుగు వరుసల వ్యాఖ్య రాశాం, రేపెవరో కరెంటు ఆదా చేద్దామని దాన్ని తీసేయకుండా. వీఎంఎంసీ ముడిని కూడా అలాగే ఉంచాం. సరఫరా ఆరదు గాని దాని వోల్టేజీ ఎంతో కోర్‌కు తెలుస్తుంది.

రెగ్-ఆన్ మీద కూడా రెండు షరతులున్నాయి. ఒకసారి మార్చాక మళ్లీ మార్చడానికి మధ్య కనీసం 10 మిల్లీసెకన్లు ఉండాలి, లోపలి బక్ రెగ్యులేటర్ (వోల్టేజీని తగ్గించే భాగం) ఖాళీ అవడానికి. పవర్‌సీక్‌లో ఆర్పిన తర్వాత ఆగే సమయానికి విడి లక్షణం ఉంది, అందులో 20 మిల్లీసెకన్లకు సరిపడా రాశాం. రెండోది, వైఫై, బ్లూటూత్ రెగ్-ఆన్‌లు లోపల 'లేదా' ద్వారంలో కలుస్తాయి. బ్లూటూత్‌ది పైకి ఉన్నంత సేపు వైఫైది దించినా లోపలి రెగ్యులేటర్లు ఆరవు, వైఫై భాగానికి రీసెట్ మాత్రమే అందుతుంది. ఫర్మ్‌వేర్ కూలినప్పుడు దానితోనే కోలుకుంటోందని పరీక్షించి చూసుకున్నాం.

కరెంటు తర్వాతి పని

ఆకృతీకరణ (కాన్ఫిగరేషన్) సంగతులు క్లుప్తంగా చెబుతాను, అవి కరెంటు కథంత లోతైనవి కావు. ఆర్పినా ఫర్మ్‌వేర్‌ను నిలుపుకునే జ్ఞాపకం చిప్‌కు లేదు. ఆర్పిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌నూ, బోర్డు వివరాలుండే ఎన్‌వీర్యామ్ ఫైలునూ డ్రైవర్ తిరిగి ఎక్కించాలి. ఆ ఎన్‌వీర్యామ్ ఫైలును మూల్యాంకన బోర్డు (తయారీదారు ఇచ్చే నమూనా బోర్డు) నుంచి కాపీ చేసి తెచ్చుకోవడం ఆనవాయితీ, అందులో ఒక డిఫాల్ట్ మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) కూడా ఉంటుంది. చిప్‌లో సొంత చిరునామా రాసి లేకపోతే ప్రతి బోర్డూ ఆ ఒక్క చిరునామాతోనే లేస్తుంది. ఒక బోర్డుతో పరీక్షిస్తే అంతా బాగుంటుంది. రెండో బోర్డును అదే రౌటర్‌కు కలిపాక ఒకటి లేస్తే ఒకటి పడిపోతుంది. మా దగ్గర బూట్‌లోడర్ ఇప్పుడు ఫ్యాక్టరీలో రాసిన చిరునామాను డివైస్ ట్రీలో నింపుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో యాక్సెస్ పాయింట్‌గా (ఇతర పరికరాలు వచ్చి కలిసే వైఫై కేంద్రంగా) పని చేయనని చిప్ మొరాయించడం ఇంకో ఫిర్యాదు. దేశం నియమాలు తెలియనప్పుడు కెర్నల్ '00' అనే ప్రపంచ సాధారణ నియమావళిని పాటిస్తుంది. అందులో 5 గిగాహెర్ట్జ్ చానళ్లలో వినడమే గాని ముందుగా ప్రసారం మొదలుపెట్టడానికి అనుమతి ఉండదు. 4.15 నుంచి కెర్నల్ ఈ నియమాలను 'రెగ్యులేటరీ.డీబీ' ఫైలు నుంచి నేరుగా చదువుతుంది. మా కెర్నల్‌లో సీఎఫ్‌జీ80211 (వైఫై నియమాలను చూసుకునే కెర్నల్ భాగం) మాడ్యూల్‌గా కాక లోపలే కలిపి ఉంది, కాబట్టి రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాకముందే ఆ ఫైలు కోసం చేయి చాచి, మైనస్ 2తో, అంటే ఫైలు లేదన్న జవాబుతో, ఊరుకుంటోంది. ఫైలునూ దాని సంతకాన్నీ కెర్నల్ ఇమేజ్‌లోనే కలిపేయడంతో సరిపోయింది. దేశం కోడ్‌ను మాత్రం బోర్డు ఎక్కడ నడుస్తుందో తెలిసిన అప్లికేషనే ఇవ్వాలి. దాన్ని డ్రైవర్‌లో గట్టిగా రాసేయడం చట్టపరంగా కూడా తప్పుదారి.

ఇంకా ఒక లోటు మిగిలింది, అది సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తీరేది కాదు. ప్రాసెసర్ రీసెట్ అయినప్పుడు దాని పిన్నులు ఇన్‌పుట్‌లుగా మారి, రెగ్-ఆన్ లైన్ మీద ప్రాసెసర్ లోపలి 50 కిలో ఓమ్‌ల పుల్-అప్ పని చేస్తుంది. చిప్ వైపు ఉన్నది 200 కిలో ఓమ్‌ల బలహీనమైన పుల్-డౌన్. రెండింటి మధ్య 1.8 వోల్టులను పంచితే లైన్ 1.44 దగ్గర నిలుస్తుంది, చిప్ దాన్ని 'హై' గానే చదువుతుంది. అంటే రీబూట్ మొదలైనప్పటి నుంచి పవర్‌సీక్ ఎక్కేదాకా చిప్ పాత ఫర్మ్‌వేర్‌తో మెలకువగానే ఉంటుంది. ప్రస్తుతం బూట్‌లోడర్ తన మొదటి పనిగా ఆ లైన్‌ను కిందికి లాగుతోంది. తర్వాతి బోర్డు రివిజన్‌లో 10 కిలో ఓమ్‌ల పుల్-డౌన్‌కు చోటు అడిగాం, దానితో లైన్ 0.3 వోల్టుల దిగువనే ఉంటుంది. అవుట్‌పుట్‌ను నేలకు లాగే లోడ్ స్విచ్‌నూ అదే జాబితాలో చేర్చాం. మాడ్యూల్ 1.8కు విడి స్విచ్ పెట్టడానికి మాత్రం బోర్డు మీద జాగా లేదని లేఅవుట్ బృందం చెప్పింది, కాబట్టి ఆల్వేస్-ఆన్ వరుస ఆ రివిజన్‌లోనూ ఉంటుంది.